దుబాయ్ ఎయిర్‌లైన్ ఆఫర్ చేతికొచ్చాక జీతం, ఖర్చు లెక్క ఎలా వేసుకోవాలి: ఓరుగల్లు, కరీంనగర్ వైపు పైలట్ల కోసం

ఆఫర్ లెటర్‌లో ఉన్న దిర్హామ్‌లను 24తో గుణించి, వచ్చిన లక్షలు హన్మకొండలో ఇంట్లోవాళ్ళకు ఫోన్ చేసి చెప్పేయడం దాదాపు అందరూ చేసే మొదటి పని. గుణకారం తప్పేమీ కాదు గానీ, దాని మీద ఆధారపడి ఉద్యోగం మారకూడదు. అన్ని ఖర్చులూ పోయాక అక్కడ నెలకు ఎంత మిగులుతుంది, ఇక్కడ ఎంత మిగులుతోంది అన్న రెండు అంకెలు ఒకే కాగితం మీద పక్కపక్కన ఉండాలి. ఆ కాగితం తయారు చేసే పద్ధతి ఇది.

లెక్క తెలియడానికి ఒక నమూనా కుటుంబాన్ని తీసుకుందాం. హైదరాబాద్ బేస్‌లో ఏడాదికి 80 లక్షలు తీసుకుంటున్న ఏ320 విమానం కెప్టెన్, భార్య, బడికి వెళ్ళే ఇద్దరు పిల్లలు, అమ్మానాన్నలు హన్మకొండలో. దుబాయ్‌లో మూల జీతం 28,000 దిర్హామ్‌లు, ఇంటి అలవెన్స్ 14,000, ఫ్లయింగ్ పే (ఎగిరిన గంటలను బట్టి ఇచ్చే డబ్బు) గంటకు 70. ఇవి ఏ ఎయిర్‌లైన్ అంకెలూ కావు. మీ లెటర్‌లో ఉన్నవి వాటి స్థానంలో పెట్టుకోండి. దిర్హామ్ డాలర్‌కు 3.6725 దగ్గర కట్టేసి ఉంటుంది కాబట్టి, రూపాయల్లో మీ జీతం పెరిగినా తగ్గినా అది డాలర్, రూపాయి మధ్య కదలికే. ఇక్కడ లెక్క తేలికగా ఉండేందుకు దిర్హామ్‌ను 24 రూపాయలుగా పట్టుకున్నాం.

మొదట, ఆఫర్‌ను ముక్కలు చేయండి

మూల జీతం, ఇంటి అలవెన్స్, ఫ్లయింగ్ పే, లేఓవర్ (డ్యూటీలో బయటి ఊళ్ళో ఆగడం) భత్యం, పిల్లల చదువు భత్యం. ఈ ఐదింటినీ వేర్వేరు వరుసల్లో రాయండి. ఒక్కోటి ఒక్కో రకంగా ప్రవర్తిస్తుంది.

ఎక్కువ మోసపోయేది ఫ్లయింగ్ పే దగ్గర. రిక్రూటర్ పంపే పట్టికలో నెలకు 90 గంటలు వేసి చూపిస్తారు. 90ని 12తో గుణిస్తే 1,080. యూఏఈ నిబంధనల ప్రకారం పైలట్ ఏడాదికి 900 గంటలు దాటి ఎగరకూడదు. అంటే గరిష్ఠంగా నెలకు సగటున 75. అందులోంచి సెలవు నెల, సిమ్యులేటర్ రోజులు, అనారోగ్యం తీసేస్తే 65 నుంచి 70 దగ్గర పెట్టుకోవడం న్యాయం. మన నమూనాలో 70 గంటలు వేద్దాం: 4,900 దిర్హామ్‌లు. 90 గంటలు వేసి ఉంటే 6,300 అయ్యేది. నెలకు 1,400 తేడా, అంటే 33,600 రూపాయలు. లేని పైసలకు ముందే ఖర్చు రాసుకున్నట్టు అవుతుంది.

హెచ్‌ఆర్‌ను ఈమెయిల్‌లో అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. ఫోన్‌లో వద్దు, జవాబు రాతలో ఉండాలి. ఫ్లయింగ్ పే మొదటి గంట నుంచే వస్తుందా, ఫలానా గంటలు దాటాకనా? లెక్క నిజంగా ఎగిరిన బ్లాక్ గంటల (విమానం కదిలినప్పటి నుంచి ఆగేదాకా) మీదా, రోస్టర్‌లో, అంటే డ్యూటీ పట్టికలో, వేసిన గంటల మీదా? స్టాండ్‌బైకి (పిలిస్తే వెళ్ళేలా సిద్ధంగా ఉండే డ్యూటీ), సిమ్యులేటర్‌కి, గ్రౌండ్ క్లాసులకు ఏమైనా క్రెడిట్ ఉందా? ట్రైనింగ్, లైన్ ట్రైనింగ్ (మామూలు సర్వీసు విమానాల్లో ఇచ్చే శిక్షణ) నడిచినన్ని నెలలు జీతం పూర్తిగా ఇస్తారా? కొత్త రకం విమానానికి మారుతుంటే ఈ ఆఖరి ప్రశ్న చాలా ముఖ్యం, ఎందుకంటే మొదటి మూడు నాలుగు నెలలు ఫ్లయింగ్ పే దాదాపు ఉండదు, ఖర్చు మాత్రం ఆ నెలల్లోనే అన్నిటికంటే ఎక్కువ.

లేఓవర్ భత్యాన్ని ఆదాయంలో కలపకండి. అది హోటల్లో తిండికి ఇచ్చేది, చాలావరకు అక్కడే పోతుంది. సూట్‌కేసులో రైస్ కుక్కర్, మామిడికాయ తొక్కు పెట్టుకుని తిరిగేవాళ్ళకు కొంత మిగులుతుంది, కాదనం. అది అదనపు లాభం అనుకోవాలి, ఇంటి బడ్జెట్ దాని మీద నిలబడకూడదు.

ఇంటి అలవెన్స్‌లో ఒక మెలిక ఉంటుంది. కంపెనీ ఇల్లు తీసుకుంటే ఆ డబ్బు రాదు. కంపెనీ ఇల్లు వద్దనుకుంటే నగదు ఇస్తారా, ఏడాదికి ఒకసారా, నెలనెలా ఇస్తారా అన్నది తెలుసుకోండి. ఏడాది కిరాయి చెక్కులు ముందే ఇవ్వాల్సిన ఊళ్ళో నెలనెలా వచ్చే అలవెన్స్ మొదటి సంవత్సరం పెద్దగా ఆదుకోదు.

ఇప్పుడు రెండు కాలమ్‌లు

హైదరాబాద్ వైపు ముందు. 80 లక్షల్లో 75,000 స్టాండర్డ్ డిడక్షన్ తీసేస్తే 79.25 లక్షలు. కొత్త పన్ను విధానం స్లాబుల ప్రకారం మొదటి 24 లక్షలకు 3 లక్షలు, మిగతా 55.25 లక్షలకు 30 శాతం చొప్పున 16,57,500. ఆదాయం 50 లక్షలు దాటింది కాబట్టి పన్ను మీద 10 శాతం సర్‌ఛార్జి, ఆ పైన 4 శాతం సెస్. మొత్తం 22,39,380. చేతికొచ్చేది నెలకు సుమారు 4.80 లక్షలు. ఇంటి కిరాయి 50,000, ఇద్దరి బడి ఫీజు 35,000, సరుకులు, పనిమనిషి 40,000, కారు 25,000, చిల్లర మల్లర 15,000 పోతే మిగిలేది 3.15 లక్షలు.

దుబాయ్ వైపు మొత్తం రాబడి 46,900 దిర్హామ్‌లు. జీతం మీద పన్ను లేదు. ఖర్చులు, దిర్హామ్‌లలో, నెలకు:

కిరాయి 12,500 (ఏడాదికి 1,50,000)
హౌసింగ్ ఫీజు 625
కరెంటు, నీళ్ళు, ఏసీ కూలింగ్ 1,500
ఇండియన్ సిలబస్ బడి, ఇద్దరికి 5,000
కారు, పెట్రోల్, టోల్ 2,500
సరుకులు 3,500
ఫోన్లు, ఇంటర్నెట్ 700
బయట తిండి, పిల్లల తరగతులు, సహాయకురాలు 2,000
ఇంటికి రాకపోకలు 1,000
పైలట్ లైసెన్స్ పోతే డబ్బిచ్చే ఇన్సూరెన్స్‌కు ప్రీమియం 500

కలిపితే 29,825. మిగిలేది 17,075 దిర్హామ్‌లు, అంటే 4.10 లక్షలు.

ఇప్పుడు చూడండి. పన్ను, ఖర్చులు తీయకముందు జీతాలు పోల్చితే 11.26 లక్షలకు, 6.67 లక్షలకు మధ్య తేడా నెలకు నాలుగున్నర లక్షల పైమాటే. మిగులులో తేడా 95,000. ఈ రెండో అంకె కోసమే ఇంత లెక్క.

ఈ 95,000 చాలా సున్నితమైనది. హైదరాబాద్‌లో భార్య ఉద్యోగం చేస్తూ నెలకు లక్ష తెచ్చుకుంటుంటే, ఆమె రాజీనామాతో మొత్తం తేడా అక్కడికక్కడే సున్నా. ఈ వరుస చాలామంది కాగితాల్లో అసలు కనిపించదు, విచిత్రం. అక్కడ ఆమెకు పని దొరుకుతుంది అనుకుంటే, దొరికాకే రాయండి. తిరగేసి చూస్తే, కంపెనీ చదువు భత్యం ఇచ్చి ఆ 5,000 దిర్హామ్‌లు తనే భరిస్తే తేడా ఒక్కసారిగా 2.15 లక్షలకు చేరుతుంది. అందుకే ఇద్దరు బడి పిల్లలున్న కెప్టెన్‌కు మూల జీతం వెయ్యి పెరగడం కంటే చదువు భత్యం దొరకడం మేలు. భత్యం ఎంతమంది పిల్లలకు, ఏ తరగతి నుంచి, ఎంత గరిష్ఠంగా అన్నది చూడండి. బస్సు ఫీజు, యూనిఫాం సాధారణంగా అందులోకి రావు.

ఆ జాబితాలో హౌసింగ్ ఫీజు చూసి కొత్తవాళ్ళు తెల్లబోతారు. దుబాయ్‌లో ఏడాది కిరాయిలో 5 శాతం మున్సిపాలిటీ ఫీజుగా కరెంటు, నీళ్ళ బిల్లులో నెలనెలా కలిపేస్తారు. షార్జాలో కిరాయి తక్కువే. కానీ తెల్లవారుజామున సైన్-ఇన్ ఉన్న రోజు, సాయంత్రం ట్రాఫిక్‌లో తిరిగొచ్చే రోజు ఆ మిగులు విలువ ఎంతో మీరే వేసుకోవాలి. డ్రైవింగ్ విషయంలోనూ ఒకటుంది: మన లైసెన్స్ అక్కడ నేరుగా మారదు, పాఠాలు, పరీక్షలు కలిపి వేల దిర్హామ్‌లు అవుతాయి. క్రూ రవాణా ఇచ్చే కంపెనీ అయితే మొదటి ఆరు నెలలు కారు కొనకుండా గడపొచ్చు.

అమ్మానాన్నల ఖర్చు రెండు కాలమ్‌లలో ఒకటే అని కొట్టేస్తారు. కొట్టేయకండి. హైదరాబాద్‌లో ఉన్నప్పుడు ఫోన్ వస్తే మూడు గంటల్లో హన్మకొండలో ఉంటారు. దుబాయ్ నుంచి నాలుగు గంటల లోపు విమానం, శంషాబాద్ నుంచి మళ్ళీ రోడ్డు. అదీ స్టాండ్‌బై సీటు దొరికితే. స్టాఫ్ టికెట్ చౌకే కానీ సీటు ఖాళీ ఉంటేనే ఎక్కనిస్తారు. దసరా ముందు, బడి సెలవుల్లో ఖాళీ ఉండదు. అంచేత ఏడాదికి రెండు మూడు పూర్తి ధర టికెట్లు, అమ్మానాన్నలకు ప్రత్యేక ఆరోగ్య బీమా, అవసరమైతే తోడుండే మనిషి జీతం కొత్త వరుసలుగా రాయండి. కంపెనీ ఇచ్చే ఆరోగ్య బీమాలో భార్యాపిల్లలు ఉంటారు, తల్లిదండ్రులు సాధారణంగా ఉండరు.

మొదటి మూడు నెలలకు చేతిలో ఎంత ఉండాలి

లక్షా యాభై వేల కిరాయి ఇల్లు నాలుగు చెక్కుల మీద తీసుకుంటే: మొదటి చెక్కు 37,500, ఐదు శాతం అడ్వాన్స్ 7,500, ఏజెంట్‌కు ఐదు శాతం 7,500, దాని మీద వ్యాట్ 375, ఫ్లాట్‌కు కరెంటు-నీళ్ళ డిపాజిట్ 2,000. మొత్తం 54,875 దిర్హామ్‌లు, అంటే 13 లక్షల పైచిలుకు. బడి అడ్మిషన్, సామాను దీని మీద అదనం. ఇల్లు ఫర్నిష్డ్ అయితే అడ్వాన్స్ ఐదు శాతం కాదు, పది అడుగుతారు. ఒప్పందాన్ని ఎజారీలో (దుబాయ్ కిరాయి ఒప్పందాల నమోదు వ్యవస్థ) రిజిస్టర్ చేయించనిదే కరెంటు కనెక్షన్, కుటుంబం వీసా పనులు ముందుకు కదలవు.

ముందు తేదీలతో ఇచ్చిన చెక్కుల విషయంలో అజాగ్రత్త వద్దు. బౌన్స్ అయితే ఇంటి ఓనర్ నేరుగా కోర్టు అమలు ప్రక్రియకు వెళ్ళగలడు. చెక్కు తేదీలు జీతం పడే తేదీ తర్వాత వచ్చేలా ఒప్పందంలోనే రాయించుకోండి. కిరాయి మార్చాలన్నా, షరతులు మార్చాలన్నా గడువు ముగిసే 90 రోజుల ముందు నోటీసు ఇవ్వాలన్నది దుబాయ్ నిబంధన. ఆ తేదీని ఫోన్ క్యాలెండర్‌లో వేసి ఉంచుకుంటే ఓనర్ ఆఖరి నెలలో పెంచమన్నప్పుడు మాట్లాడే బలం ఉంటుంది.

రోజుల లెక్క: ఇండియా పన్ను

యూఏఈలో పన్ను లేదు కాబట్టి పన్నే లేదు అనుకోవడం ఖరీదైన పొరపాటు. ఏప్రిల్ నుంచి మార్చి దాకా ఇండియాలో 182 రోజులు లేదా అంతకు మించి ఉంటే మీరు ఇక్కడి నివాసి. అప్పుడు దుబాయ్ జీతం మీదా ఇక్కడ పన్ను పడుతుంది. అక్కడ పన్ను కట్టలేదు కాబట్టి తగ్గించుకోవడానికి ఏమీ ఉండదు.

ఉద్యోగం కోసం దేశం వదిలిన సంవత్సరానికీ ఈ 182 హద్దే వర్తిస్తుంది. ఏప్రిల్ 1 నుంచి లెక్కేస్తే సెప్టెంబర్ 28కి 181 రోజులు. ఆ తేదీ లోపు వెళ్ళి, మార్చి దాకా తిరిగి రాకుండా ఉంటే ఆ ఏడాది దుబాయ్ జీతానికి ఇండియాలో పన్ను లేదు. అక్టోబర్‌లో బయల్దేరితే, మార్చి దాకా సంపాదించిందంతా ఇక్కడి లెక్కలోకి వస్తుంది. దసరా చూసుకుని పోదాం అనుకునేముందు ఈ లెక్క చూసుకోండి.

కుటుంబాన్ని హన్మకొండలోనే ఉంచి, కొన్ని వారాలు డ్యూటీ, కొన్ని వారాలు ఇల్లు అనే కమ్యూటింగ్ కాంట్రాక్టులు తీసుకునేవాళ్ళకు ఇది ఇంకా ముఖ్యం. నాలుగు వారాలు అక్కడ, నాలుగు వారాలు ఇక్కడ అంటే 182 అంచు మీద నడవడమే. వచ్చిన రోజు, వెళ్ళిన రోజు రెండూ ఇండియా రోజులుగానే లెక్కపెట్టుకోవడం క్షేమం. హైదరాబాద్‌లోనో ముంబైలోనో లేఓవర్ పడితే అదీ కలపండి. ఓడ సిబ్బందికి ఉన్న ప్రత్యేక లెక్క పైలట్లకు లేదు. పాస్‌పోర్ట్ ముద్రలతో సరిపోయే పట్టిక ఒకటి నెలనెలా నింపుతూ పోండి. క్రూగా వచ్చినప్పుడు ముద్ర పడకపోవచ్చు కాబట్టి రోస్టర్ కాపీలు దాచండి.

ఇండియాలో మీ ఆదాయం, అంటే షాపుల కిరాయిలు, డిపాజిట్ వడ్డీలు, ఏడాదికి 15 లక్షలు దాటితే హద్దు 120 రోజులకు తగ్గవచ్చు. ఆ స్థితిలో దుబాయ్ జీతం మీద పన్ను పడకపోయినా, రిటర్న్ వేసే తీరు మారుతుంది. హన్మకొండ చౌరస్తాలో కాంప్లెక్స్ ఉన్న కుటుంబాలు ముందే సీఏతో కూర్చోవాలి.

బ్యాంకు, జాగ, భూమి

వెళ్ళాక పాత సేవింగ్స్ ఖాతాను అలాగే నడపకూడదు, ఎన్‌ఆర్‌ఓగా (ఇండియాలో వచ్చే ఆదాయానికి ఎన్‌ఆర్‌ఐలు వాడే ఖాతా) మార్పించాలి. దుబాయ్ జీతం పంపడానికి ఎన్‌ఆర్‌ఈ ఖాతా తెరవండి. ఎన్‌ఆర్‌ఈ వడ్డీకి ఇండియాలో పన్ను లేదు, ఎప్పుడైనా బయటికి తీసుకెళ్ళొచ్చు. ఎన్‌ఆర్‌ఓ వడ్డీ మీద 30 శాతం పైన టీడీఎస్ (చెల్లించేటప్పుడే పట్టుకునే పన్ను) కోస్తారు. ఎన్‌ఆర్‌ఈ ఫిక్స్‌డ్ డిపాజిట్‌ను ఏడాది లోపు విరగ్గొడితే వడ్డీ రాదు. ఇంటి ఈఎంఐకి కావాల్సిన డబ్బు అందులో పడేయకండి.

పైసలు పంపేటప్పుడు ఫీజు చూడకండి, రేటు చూడండి. ఎక్స్ఛేంజ్ ఫీజు లేదన్నచోట రేటులో 15 పైసలు తక్కువిస్తే, 15,000 దిర్హామ్‌లకు 2,250 రూపాయలు పోయినట్టు. జగిత్యాల, సిరిసిల్ల వైపు తరాలుగా గల్ఫ్ డబ్బు వచ్చే ఊళ్ళలో హుండీ (బ్యాంకులకు బయట డబ్బు పంపే దారి) ఇంకా వినిపిస్తుంది. అటు చూడనే చూడొద్దు. అది చట్టవిరుద్ధం, పైగా రేపు ఇల్లు కొన్నప్పుడు డబ్బు ఎక్కడిదంటే చూపించే కాగితం ఉండదు.

ఇక భూమి. గల్ఫ్ డబ్బు మిగిలితే నర్సంపేట వైపో పరకాల వైపో రెండెకరాలు కొనాలన్న కోరిక సహజం. ఫెమా (విదేశీ మారక నిర్వహణ చట్టం) నిబంధనల ప్రకారం ఎన్‌ఆర్‌ఐ వ్యవసాయ భూమి, తోట, ఫామ్‌హౌస్ కొనకూడదు. ఇల్లు, ప్లాటు, షాపు కొనొచ్చు. వారసత్వంగా వచ్చిన పొలం మీ పేరు మీద ఉంచుకోవచ్చు. ‘వ్యవసాయేతర’ మార్పు కాని జాగను ప్లాటు పేరుతో అమ్ముతుంటే ముందు ఆ కాగితం అడగండి. హన్మకొండ ఇల్లు కిరాయికిస్తే, కిరాయిదారు మీకిచ్చే ప్రతి నెల కిరాయిలోంచి 31.2 శాతం టీడీఎస్ కోసి కట్టాలి. ఎంత చిన్న కిరాయికైనా మినహాయింపు లేదు. ఈ సంగతి తెలిసిన కిరాయిదారులు తక్కువ, నోటీసు వచ్చాక గొడవపడేవాళ్ళు ఎక్కువ. నాన్నకో అన్నకో పవర్ ఆఫ్ అటార్నీ ఇస్తే దుబాయ్ కాన్సులేట్‌లో ధ్రువీకరించి పంపండి. ఇండియాకు చేరిన మూడు నెలల్లోపు స్టాంపు వేయించాలి.

నష్టం వైపు అంకెలు

యూఏఈ కార్మిక చట్టం ప్రకారం గ్రాట్యుటీ మొదటి ఐదేళ్ళకు ఏడాదికి 21 రోజుల మూల జీతం, ఆ తర్వాత ఏడాదికి 30 రోజులు. 28,000 మూల జీతానికి ఏడాదికి 19,600 దిర్హామ్‌లు. అలవెన్స్‌లు ఇందులోకి రావు కాబట్టే మూల జీతం తక్కువ, అలవెన్స్‌లు లావుగా ఉన్న ఆఫర్ చివర్లో చిక్కిపోతుంది. కొన్ని ఎయిర్‌లైన్స్ గ్రాట్యుటీ బదులు సొంత ప్రావిడెంట్ ఫండ్ నడుపుతాయి. మీ వాటా పోగా కంపెనీ వాటా ఎన్నేళ్ళకు పూర్తిగా మీదవుతుందో చదవండి. కార్ లోన్, పర్సనల్ లోన్ ఉంటే, ఉద్యోగం వదిలినరోజు పడే సెటిల్‌మెంట్ డబ్బును బ్యాంకు ఆపుకోగలదు.

మెడికల్ (విమానం నడపడానికి కావాల్సిన ఆరోగ్య ధ్రువపత్రం) పోతే జీతంతో పాటు వీసా కూడా కదులుతుంది. కంపెనీ ఇచ్చే లాస్ ఆఫ్ లైసెన్స్ కవర్ ఎన్ని నెలల జీతం, తాత్కాలికంగా అన్‌ఫిట్ అయితే ఎన్నాళ్ళు పూర్తి జీతం అన్నవి కాంట్రాక్టులో వెతకండి. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు గల్ఫ్ ఎయిర్‌లైన్స్ పైలట్లను తీసేశాయి, ఉన్నవాళ్ళ జీతాలు కోశాయి. ఇక్కడ భద్రం అనీ కాదు: జెట్ ఎయిర్‌వేస్ 2019 ఏప్రిల్‌లో, గో ఫస్ట్ 2023 మేలో ఆగిపోయాయి. తేడా ఏంటంటే, ఇక్కడ ఉద్యోగం పోతే సొంతింట్లో కూర్చుంటారు. అక్కడ కిరాయి చెక్కు నడుస్తూనే ఉంటుంది. ఆరు నెలల ఖర్చు, మన నమూనాలో దాదాపు 1,80,000 దిర్హామ్‌లు, దిర్హామ్‌లలోనే పక్కన పడేదాకా ప్లాటు బేరాలు వద్దు.

ఇండియాలో కెప్టెన్‌గా ఉండి అక్కడ పెద్ద విమానం మీద ఫస్ట్ ఆఫీసర్‌గా చేరుతుంటే, మళ్ళీ కెప్టెన్ సీటుకు ఎన్నేళ్ళు పడుతుందన్నదే అసలు ధర. సీనియారిటీ ఏ కంపెనీలోనైనా కొత్తగా మొదలవుతుంది. ఆ ఏళ్ళలో ఇక్కడ కెప్టెన్ జీతం ఎంత పెరిగేదో కూడా హైదరాబాద్ కాలమ్‌లో రాయాలి. ఇండియా లైసెన్స్, డీజీసీఏ (ఇండియా విమానయాన నియంత్రణ సంస్థ) మెడికల్ చెల్లుబాటులో ఉంచుకోండి. తిరిగి రావాల్సి వచ్చినరోజు మొదటి నుంచి మొదలుపెట్టాల్సి రాకూడదు.

వేరే దేశమైతే ఇదే కాగితం, రెండు మూడు వరుసలు మారతాయి. సౌదీలో వ్యాట్ 15 శాతం, బహ్రెయిన్‌లో 10, యూఏఈ, ఒమన్‌లలో 5, ఖతర్‌లో లేదు. ఒమన్‌లో 2028 నుంచి ఏడాదికి 42,000 రియాళ్ళు దాటిన ఆదాయం మీద 5 శాతం పన్ను మొదలవుతుంది. సింగపూర్‌లో జీతం మీద పన్ను పై స్లాబులో 24 శాతం దాకా ఉంటుంది. డాలర్లలో ఇచ్చే కాంట్రాక్టుల్లో రాసిన అంకె పన్నుకు ముందుదా, తర్వాతదా అన్నది మొదటి ప్రశ్న.

రాజీనామా ఎప్పుడు

కాగితం మీద మిగులు మీకు నచ్చింది అనుకుందాం. కాంట్రాక్టు సంతకం, అక్కడి మెడికల్, లైసెన్స్ మార్పిడికి సంబంధించిన రాత, ఈ మూడూ చేతికొచ్చాకే ఇక్కడ రాజీనామా. డీజీసీఏ నిబంధన ప్రకారం కెప్టెన్‌కు నోటీసు ఏడాది, ఫస్ట్ ఆఫీసర్‌కు ఆరు నెలలు; ముందే వదలాలంటే కంపెనీ ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) ఇవ్వాలి. టైప్ రేటింగ్ బాండ్ (ఒక రకం విమానం మీద శిక్షణ ఖర్చుకు కంపెనీకి రాసిచ్చిన ఒప్పందం) మిగిలి ఉంటే ఆ మొత్తాన్ని మొదటి ఏడాది మిగులులోంచి కొట్టేయండి. కెప్టెన్ అయితే, ఎన్‌ఓసీ మీద ఆశ పెట్టుకోకుండా ఒక ఏడాది సెప్టెంబర్ 28 లోపు బయల్దేరాలంటే, రాజీనామా లెటర్ అంతకు ముందు ఏడాది సెప్టెంబర్ మూడో వారం దాటకూడదు. అంత దూరపు జాయినింగ్ తేదీ ఇస్తారా అని దుబాయ్ హెచ్‌ఆర్‌ను ఇప్పుడే రాతలో అడగండి.